చేదబావి ఎక్కడ పెట్టాలి?

మా అవ్వకు ఎనభై దాటాయి. పోయిన వేసవిలో ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, ఇంటర్నెట్ పటంలో మా ఊరున్న చోటికి తీసుకుపోయాను. తెర నిండా నీలం రంగు. "గిదేంది బిడ్డా, అంతా నీళ్లే ఉన్నయ్. ఊరేది?" అంది.

"ఊరు ఈ నీళ్ల కిందనే ఉందవ్వా."

"అది నాకెర్కనే. కిందున్నది సూపియ్యాలె గద నువ్వు?"

నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. నవలల్లో ఊరు ఎలా కనిపిస్తుందో పేజీలకు పేజీలు రాయగలను. పటం గీయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ల ఆడవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసి, వాటిని స్థలాలతో కలిపి చెప్పాలనుకున్నప్పుడు ఆ అవసరం వచ్చింది. కృష్ణకు రెండు వైపులా, అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో దాదాపు నూరు ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి మనుషుల్ని ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మంచిదే. గుడికి కొత్త చిరునామా దొరికింది. ఆడవాళ్లు నీళ్లు చేదిన బావికి, బట్టలుతికిన బండకు దొరకలేదు.

"ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?" అని కనిపించిన వాళ్లందర్నీ అడిగాను. "ఏది తేలికైతే అది" అన్నారు చాలామంది. ఆ మాట పట్టుకుని స్టోరీమ్యాప్ జెఎస్‌తో మొదలుపెట్టాను. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని నైట్ ల్యాబ్ తయారుచేసిన ఈ పరికరం ఉచితం. కోడ్ రాయనక్కర్లేదు. ఒక చోటు, ఒక ఫోటో, నాలుగు వాక్యాలు, తర్వాత ఇంకో చోటు. 1830-31లో ఏనుగుల వీరాస్వామి చేసిన కాశీయాత్ర లాంటిదాన్ని మజిలీ మజిలీగా చూపడానికి ఇది చక్కగా సరిపోతుంది. మా అవ్వ కథ అలా నడవదు. బావి దగ్గర మొదలై పుట్టింటికి పోతుంది, కాన్పు దాకా వెళ్లి మళ్లీ బావి దగ్గరికే వస్తుంది. పైగా ఏ చోటు పెట్టినా అడుగున ఉన్నది ఈనాటి పటమే. నా చుక్కలన్నీ నీళ్లలో తేలుతున్నాయి.

అప్పుడు క్యూజిఐఎస్ నేర్చుకున్నాను. 2002లో మొదలై, ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పెంచుకుంటూ వచ్చిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇది. మొదటి నెలంతా ఏడుపొచ్చింది. కానీ ఇది పాత పటాన్ని భూమి మీద దాని చోట కూర్చోబెడుతుంది. పాత కాగితం మీద, ఇప్పటి పటం మీద మారకుండా ఉన్న గుట్టలు, రైలు మార్గం లాంటి గుర్తులను జతలు జతలుగా చూపిస్తే, మిగతాదాన్ని అదే లెక్కగట్టి సరిచేస్తుంది. నాకు దొరికిన పాత పటం 1950ల నాటి అమెరికా సైన్యానిది. వాళ్ల ఆర్మీ మ్యాప్ సర్వీస్ భారతదేశానికి గీసిన ఆ పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందరికీ అందుబాటులో ఉంచింది. మా ఊరు నాకు మొదటిసారి కనిపించింది పరాయి సైన్యం కాగితం మీద, ఒక చిన్న గుర్తుగా!

ఆ పటం కొలత 1:2,50,000. అంటే ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లు. ఊరు ఎక్కడుందో చెప్తుంది గానీ ఊళ్లో బావి ఎక్కడుందో చెప్పదు. అందుకని అవ్వను కూర్చోబెట్టి, నేల మీద ముగ్గుపిండితో ఊరు గీయించాను. పునరావాస కాలనీలో ఉంటున్న, అదే ఊరి దళితవాడకు చెందిన ఇంకో పెద్దామెనూ పిలిచాను. ఆమె ముగ్గు చుట్టూ నడిచి చూసింది. "బావి మంచిగనే పెట్టిండ్రమ్మా. మేం నిలబడే జాగ పెట్టలె" అంది.

బావి గట్టుకు ఇవతల, ఎవరైనా వచ్చి కడవలో నీళ్లు పోస్తారా అని పొద్దంతా ఎదురుచూసిన చోటు అది. మనవరాలి వయసున్న నన్ను ఆమె 'అమ్మా' అన్న పిలుపులో కూడా ఆ దూరం అలాగే ఉంది. అవ్వ తల వంచుకుంది. కాసేపయ్యాక, "నిజమే. నేనే పోసేదాన్ని, పైకెత్తి పట్టి" అంది. ఈ మాట అవ్వ నాకు ముప్పై ఏళ్లలో ఎన్నడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మునక అందరిదీ ఒకటే అని రాసుకొచ్చాను ఇన్నాళ్లూ.

ఆ రోజు తర్వాత నా పట్టిక మారింది. అప్పటిదాకా పేరు, రకం, అక్షాంశం, రేఖాంశం అని నాలుగే గడులుండేవి. ఇప్పుడు ఎవరు చెప్పారు, ఎవరికి ప్రవేశం ఉండేది, ఎంత కచ్చితం అన్నవి కూడా చేర్చాను. ముగ్గు ఫోటో తీసి, స్టోరీమ్యాప్ జెఎస్‌లో దాన్నే పటంగా పెట్టాను. అందులో ఆ వీలుంది. ఒకే బొమ్మ మీద ఇద్దరి కథలు, రెండు వేర్వేరు దారుల్లో. ఊరు నీళ్ల కింద ఎక్కడుందో క్యూజిఐఎస్ చెప్తుంది, ఊళ్లో ఎవరెక్కడ నిలబడ్డారో ముగ్గు చెప్తుంది.

పరికరాలకు పక్షపాతం ఉండదని అనుకుంటాం. ఎవరైనా మార్పులు చేయగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పిల్లల సంరక్షణ కేంద్రాలకు విడిగా ఒక గుర్తు కావాలన్న ప్రతిపాదన 2011లో ఓటింగులో వీగిపోయింది. ఆ గుర్తు తర్వాత వాడుకలోకి వచ్చిందనుకోండి. ఏది పటానికెక్కాలో తేల్చేవాళ్లలో ఎవరున్నారన్నదే అక్కడ కూడా ప్రశ్న. ఇంకో సంగతి. ఎందరో పరిశోధకులు పటాలకు వాడుకున్న గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2019 డిసెంబరులో మూతబడింది. అందుకే మాటలు, చోట్లు అన్నీ ఏ కంపెనీకీ కట్టుబడని మామూలు పట్టికల్లో నా దగ్గరే పెట్టుకుంటున్నాను. ఒకసారి మునిగిన ఊరు మళ్లీ మునగకూడదు.

ఇప్పుడు నన్నెవరైనా ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగితే, మీ పటంలో ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నారని తిరిగి అడుగుతున్నాను. ఆ జవాబు దొరికాక పరికరం ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. దళితవాడ పెద్దామె తను నిలబడిన చోట తన చేత్తోనే చుక్క పెట్టింది. ఆ చుక్కకు కచ్చితత్వం గడిలో నేను 'సంపూర్ణం' అని రాశాను.