ములూజ్ పట్టణపు మోటారుకార్లు

రాజమహేంద్రవరములో మా పుట్టినింటి పెరటి పాకలో ఒక ఫియట్ కారు కలదు. మా నాయనగారు 1964వ సంవత్సరమున దానిని కొనిరి. స్టీరింగుచక్రము ప్రక్కనే గేరుకోల యుండెడి ఆ కారులోనే మా యమ్మ మమ్ము నలుగురిని వెనుకసీటున కూర్చుండబెట్టుకొని యేటేట అన్నవరము తీసికొనిపోవుచుండెడిది. నాయనగారు గతించిన పిమ్మట దానిని నడుపువారు లేకపోయిరి. పాక కప్పునుండి కారిన నీరు దానిపై బడెను. కోళ్లు సీట్లమీద గ్రుడ్లుపెట్టెను. పదియేండ్లక్రిందట దానిని పాతయినుముగా తూచి కొనుటకైనను ఎవరును రాలేదు. ఇప్పుడన్ననో, ఏటికొక బేరగాడు వచ్చి, ముందటివాని కంటె నెక్కువ చెప్పి పోవుచున్నాడు. అమ్మవలెనని మా యన్నగారును, వలదని మా వదినగారును వాదించుకొనుచుండిరి. నాకు మాత్ర మేమియు తోచలేదు. ఈ సంశయమును మనస్సున నుంచుకొనియే నేను గతవేసవిలో వదినగారితో ఫ్రాన్సు దేశమునకు పోయితిని.

మా మేనల్లుడు స్ట్రాస్‌బర్గు నగరమున చదువుకొనుచున్నాడు. కుమారుని చూడవలెనని వదినగారి కోరిక. "అత్తా! మన కారు సంగతి తేల్చుకోవాలంటే ములూజ్ చూడాలి" అని వాడొక యుదయమున మమ్ము రైలెక్కించెను. గంటలోపలనే ఆ పట్టణము చేరితిమి. త్రోవపొడుగునను కుడివైపున వోజ్ పర్వతముల నీలిఛాయయు, దాని దిగువ ద్రాక్షతోటలును కానవచ్చుచుండెను. ములూజ్ స్విట్జర్లాండు సరిహద్దునకు సమీపమున నున్నది.

ఆ యూరు బట్టలయూరు. ఆ చరిత్ర మన తెలుగువారికి కొంత దగ్గరిది. పూర్వము మచిలీపట్టణము మొదలగు రేవులనుండి మన అద్దకపు బట్టలు ఐరోపాకు పోవుచుండెడివి. ఫ్రాన్సు స్త్రీలు వానిపై మోజుపడుటచే ఆ దేశపు నేతగాండ్రు తమ పని పోవుచున్నదని మొరపెట్టుకొనిరి. అందుపై 1686లో ప్రభుత్వము వారు వానిని నిషేధించిరి. ఆ నిషేధము 1759వరకు సాగెను. ములూజ్ అప్పటికి ఫ్రాన్సులో చేరలేదు, స్వతంత్రముగా నుండెను. 1746లో అచ్చట అద్దకపు కార్ఖానా వెలసెను. ఆ బట్టలకు వారు పెట్టుకొన్న పేరు 'ఇండియెన్'. వానినిగూర్చిన ప్రదర్శనశాల యొకటి నేటికిని ఆ యూర నున్నది. ఇట్లు బట్టలతో మొదలైన యంత్రముల చప్పుడు, నూలుమిల్లులతోడను ఉన్నిమిల్లులతోడను ఊరంతయు నిండినది. మేము చూడబోయిన కార్లుకూడ అట్టి యొక పాత ఉన్నిమిల్లులోనే యున్నవి.

వెలుపలినుండి చూచినచో అది ఎఱ్ఱని యిటుకలగోడల మిల్లే. లోపల కడుగిడగానే మాకు నోటమాట రాలేదు. విశాలమైన శాలలో వీధులవలె కంకరబాటలు తీర్చి, పారిసులోని అలెగ్జాండరు వంతెనమీది దీపస్తంభములవంటి స్తంభములను వందలకొలది నాటియున్నారు. ఆ దీపములక్రింద నాలుగువందలకు పైగా కార్లు వరుసలుతీరి నిలిచియున్నవి. వానిలో మిక్కిలి పేరుగన్నవి బుగాటి కార్లు. అవి స్ట్రాస్‌బర్గునకు సమీపమున మోల్‌షైమ్ అను చిన్నయూర తయారయినవి.

శాలలో అన్నిటికంటె ఘనమైన కారు 'రోయల్' అనునది. ఎత్తోర్ బుగాటి రాజులు కొందురని తలచి దానిని నిర్మించెను. దాని యింజను పండ్రెండు లీటర్లకు మించినది. ముందు మూతపై తొండమెత్తిన వెండి యేనుగు బొమ్మ యుండును. అది బుగాటి తమ్ముడును శిల్పియునగు రెంబ్రాంట్ చేసిన బొమ్మనుబట్టి పోతపోసినది. అయినను ఆ కాలమున ప్రపంచమంతటను ఆర్థికమాంద్యము వచ్చిపడుటచే ఆరు కార్లు మాత్రమే నిలిచెను, వానిలోను మూడే అమ్ముడుపోయెను. మిగిలిన యింజనులను రైలుబండ్లకు బిగించిరి.

ఆ ఆరింటిలో ఒకదానిని జర్మనీలో పురుడుపోయు వైద్యుడొకరు కొనెను. ఆయన దేశము విడిచి షాంఘైకిని, అచ్చటనుండి న్యూయార్కునకును కారుతోగూడ పోయెను. అచ్చటి చలికాలమున ఇంజనులోని నీరు గడ్డకట్టి, ఇంజనుదిమ్మె పగిలెను. ఆ కారు పాతయినుము దుకాణము చేరెను. 1940ల దశకమున చార్లెస్ చేన్ అను ఇంజనీయరు దానిని నాలుగువందల డాలర్లకు మించని వెలకు కొని, తీరికవేళల మరమ్మతుచేసి మరల నడపెను. తుదకు ఆ దంపతులు దానిని అమెరికాలోని హెన్రీఫోర్డు ప్రదర్శనశాలకు దానమిచ్చిరి. అట్టిదే మఱియొక రోయల్ 1987లో లండనున వేలమునకు వచ్చి, యేబదియైదులక్షల పౌనులకు అమ్ముడుపోయెను! వదినగారు ఇది విని, "కోళ్లపాకలో ఉన్నంతమాత్రాన విలువ లేనట్టు కాదన్నమాట" అనిరి.

కాని ములూజ్ కార్ల కథ ఇంత సుఖముగా ముగియలేదు.

ఈ కార్లను కూర్చినవారు హాన్స్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అను అన్నదమ్ములు. వీరి తండ్రి స్విట్జర్లాండువాడు, తల్లి జాన్ ములూజ్ ఆడపడుచు. చిన్నతనముననే తండ్రి పోగా తల్లియే పెంచెను. ఉన్నివ్యాపారమున వారు మిక్కిలి ధనవంతులైరి. 1960 తరువాత ఫ్రిట్జ్ ప్రపంచమునందలి బుగాటికార్లవారికి ఉత్తరములువ్రాసి, వారి కార్లను కొనసాగెను. అప్పటికి అవి పాతబడిన బండ్లే. 1963లో మోల్‌షైమ్ కర్మాగారమునందలి బుగాటి సొంతకార్లను కొనెను. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున జాన్ షేక్స్‌పియర్ అను నతనినుండి ముప్పది బుగాటికార్లను ఒక్కబేరమున ఎనుబదియైదువేల డాలర్లకు కొనెను. వానిలో ఒక రోయల్ కూడ కలదు. అనగా సగటున కారునకు మూడువేల డాలర్లయినను పడలేదు! రైలుపై సముద్రతీరమునకును, అచ్చటనుండి ఓడపై ఫ్రాన్సునకును అవి వచ్చినవి.

వానిని బాగుచేయుటకు మిల్లులోపల కార్ఖానా యొకటి పెట్టిరి. పాతకారు బాగుచేయుట ఒక్కచేతిపని కాదు. లోపలి కొయ్యచట్రమును వడ్రంగి బిగింపవలెను. పైరేకును సుత్తితో సన్నసన్నగా కొట్టి ఒంపు తేవలెను. తోలుసీట్లను కుట్టువాడు వేఱు, రంగుపూయువాడు వేఱు, ఇంజను విప్పువాడు వేఱు. ఈ పనివారందఱును సంవత్సరములతరబడి పనిచేసిరి. సంగతి బయట చెప్పరాదని కట్టడి. ఊరివారికి ఆ గోడలవెనుక నేమి జరుగుచున్నదో తెలియదు. అన్నదమ్ములు ఆ శాలను తమ తల్లికి అంకితముచేసిరి. ఇది చదివినప్పుడు నా మనస్సు కొంత కరగినదని చెప్పక తప్పదు.

ఇంతలో ఉన్నివ్యాపారము క్షీణించెను. 1976లో మిల్లులు మూతపడు స్థితి వచ్చెను. దాదాపు రెండువేలమంది పనివారు వీధిపాలగునట్లయ్యెను. యజమానులు సరిహద్దుదాటి స్విట్జర్లాండులోని బాజెల్ నగరమునకు పోయిరి. 1977 మార్చి 7వ తేదీన పనివారు ఆ పాతమిల్లు తలుపులు తెఱిపించి లోపల ప్రవేశించిరి. తాము వడకిన ఉన్నివలన వచ్చిన ధనము ఏమైనదో వారికప్పుడు కంటికి కనబడెను. కోపముతో బాగుచేయని చిన్న ఆస్టిన్ కారునొకదానిని తగులబెట్టిరి.

కాని తక్కినవానిని వారు చెఱుపలేదు! ఆ శాలను 'పనివారి ప్రదర్శనశాల' యని పేరుపెట్టి, రెండుసంవత్సరములు తామే కాపలాయుండి జనులకు చూపించిరి. లక్షలకొలది జనులు వచ్చి చూచిరి. 1978లో ప్రభుత్వము ఆ కార్లను చారిత్రక సంపదగా ప్రకటించుటచే, వానిని విడగొట్టి విదేశముల కమ్ముకొనుటకు వీలులేకపోయెను. 1981లో పట్టణమువారును, జిల్లావారును మఱికొందఱును సంఘముగా కూడి నాలుగుకోట్ల నలుబదిలక్షల ఫ్రాంకులకు కొనిరి. 1982లో అది జాతీయ ప్రదర్శనశాలయై తెఱవబడెను. అటుపై నష్టపరిహారమునుగూర్చి ఫ్రిట్జ్ పక్షమువారికిని సంఘమువారికిని చాలయేండ్లు వ్యాజ్యములు నడచినవి.

నేను రోయల్ యెదుట చాలసేపు నిలుచుంటిని. దాని తళుకులో నా ముఖము కనబడుచుండెను. ఎవరిదీ కారు? కొన్నవానిదా? ఉన్ని వడకినవారిదా? పగిలిన రేకును మరల నునుపుచేసిన సుత్తివానిదా? ధర పెరిగినప్పుడు ఆ పెరిగిన సొమ్ములో నీ చివరివాని పాలెంత? మేనల్లుడు ప్రక్కన నిలిచి మఱియొక చిత్రమైన సంగతి చెప్పెను. ఇప్పుడు కొందఱు మరమ్మతుచేసిన కారుకంటె, ఎవరి చేతను పడక దుమ్ముపట్టియున్న కారుకే యెక్కువ యిచ్చుచున్నారట. ఇంగ్లాండులో ఒక వైద్యుని గారేజిలో దాదాపు అర్ధశతాబ్దము కదలకయున్న బుగాటి, 2009లో పారిసునందు వేలమున ముప్పదినాలుగులక్షల యూరోలు పలికెనట. ష్లుంఫ్ సోదరులు పాతరంగులు గీకివేసి, తమకు నచ్చిన రంగులు పూయించుటను నేటివారు తప్పుపట్టుచున్నారు. మెఱుగుపెట్టుటలోకూడ నొక మితము కలదన్నమాట.

ఇంటికి వచ్చిన మఱునాడే పాకలోనికి పోయితిని. మా నాయనగారి కాలమున పదునైదేండ్ల బాలుడై కారు తుడుచుటకు చేరి, తరువాత మెకానిక్కయిన బాబాయి అచ్చట నుండెను. ఆయనకిప్పుడు ఎనుబదియేండ్లకు దగ్గర. "బాబాయ్! ఇంజను బిగుసుకుపోయి ఉంటుందేమో?" అని యడిగితిని.

"లేదమ్మాయిగారూ. ప్లగ్గులు విప్పి కాస్త ఆయిల్ పోసి, నెలకోసారి హ్యాండిలు వేసి తిప్పుతూనే ఉన్నాను. అయ్యగారికి మాటిచ్చాను" అని ఆయన చెప్పెను.

నాకు మాట పెగలలేదు. నాయనగారు పోయిన తరువాత ఇన్నియేండ్లును ఆయన వచ్చుచునే యున్నాడు! మేమెవరమును ఆయనకు ఒక్కరూపాయి యీయలేదు, వచ్చుచున్నాడని యెఱుగనైనను ఎఱుగము. బేరగాండ్రు ఏటేట పెంచిన వెలయంతయు ఆయన చేతివలన నిలిచినదే. ఇంజను బిగుసుకొనిపోయినచో ఆ కారు తుక్కే.

ఆ రాత్రి అన్నగారితో ఈ సంగతి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. మఱునాడుదయము తాముగనే బాబాయిని పిలిచి, గడచిన యేండ్లకు లెక్కకట్టి సొమ్మిచ్చిరి. ఆయన పుచ్చుకొన నిరాకరింపగా, వదినగారు, "ఇది బహుమానం కాదు బాబాయిగారూ, మీ జీతం" అనిరి. అప్పుడు పుచ్చుకొనెను. అమ్మవలయునా వలదా యను ప్రశ్న దానంతట నదియే వెనుకకుపోయెను.

మన దేశమునందు 2021లో యేబదియేండ్లు దాటిన బండ్లకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను పద్ధతి యేర్పడినది. క్రొత్తగా నమోదునకు ఇరువదివేల రూపాయలు, పునర్నమోదునకు ఐదువేలు. అది పదియేండ్లు చెల్లును. బండి మూలరూపము మారకుండవలెను. అట్టి బండిని ప్రదర్శనలకును, పాతకార్ల ర్యాలీలకును, పెట్రోలు పోయించుటకును, మరమ్మతులకును తప్ప నిత్యము రోడ్డుపై నడపరాదు. మా వదినగారు ఇది విని, "అయితే అన్నవరం వెళ్లకూడదన్నమాట. మనకది వద్దు" అనిరి. అందుచే మామూలు పద్ధతిననుసరించియే పరీక్ష చేయించి, కాగితములు సరిచూచుకొనుటకు నిశ్చయించితిమి. పాకకు రేకులు వేయించితిమి. రంగుమాత్రము గీకింపలేదు. అమ్మ చేయి తగిలి అరిగిన తలుపుపిడి యట్లే యున్నది.

సోదరీమణులారా! మీ యిండ్లలో ఇట్టి వస్తువేదైనను మూలపడియున్నచో, దానికి వెలకట్టుటకు ముందు దానిని ఇంతకాలము కాపాడిన చేయి యెవరిదో విచారింపుడు. మా బాబాయి తన మనుమనికి హ్యాండిలు త్రిప్పుట నేర్పుచున్నాడు. క్రిందటి యాదివారమున ఇంజను కొంచెము దగ్గి, ఆగి, మరల దగ్గి, చివరకు అందుకొనెను. పాకలోని కోళ్లన్నియు ఒక్కసారిగా బయటకు పరుగెత్తినవి.