పనికిమాలిన చేప

ఈ మాసమున మేము వ్రాయదలచినది యొక చేపను గూర్చి. అది యే నదిలోను లేదు, ఏ సముద్రములోను లేదు. జపాను దేశీయులు కల్పించిన యొక వీడియో గేములో మాత్రమే కలదు. తల నెరసినవారికి పిల్లల యాటలతో నేమి పనియని మా చదువరులలో గొందఱు నవ్వుదురేమో! నవ్వవచ్చును. మొన్నటివఱకు మేమును నవ్వినవారమే. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగానే యీ నాలుగు మాటలును వ్రాయుచున్నాము.

ఆ యాటపేరు పోకిమాన్. జేబులో నిముడు భూతములని యా మాటకు భావము. 1996వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీని అది జపానులో మొదట వెలువడినది. దానిని తలపెట్టిన సతోషి తజిరి చిన్ననాడు పురుగులను పట్టి పెంచుటయం దాసక్తి కలవాడు. ఊళ్లు పెరిగి మడుగులు, పొలములు మాయమైన పిమ్మట పుట్టిన పిల్లలకు ఆ యానంద మెట్లు కలుగునని యాలోచించి, ఆ వేటను యంత్రములోనికి దెచ్చెను. ఆటగాడు ఊరూర దిరిగి వింతజంతువులను బట్టుకొని, పెంచి, ఇతరుల జంతువులతో బోటీకి నిలుపును. నాడు వాని జాతులు 151. నేడు వేయి దాటినవి. అందు నిప్పు గ్రక్కునవి కలవు, పిడుగులు రాల్చునవి కలవు. మా యభిమానము మాత్రము 129వ సంఖ్య గల మాజికార్ప్ అను చేపమీద నిలిచినది.

మన చెఱువులలో బంగారుతీగ యని పిలువబడు చేపకు ఇది చుట్టము. ఎఱ్ఱని పెద్ద పొలుసులు, వీపున గిరీటమువంటి పసుపుపచ్చని రెక్క, పొడవైన మీసములు, ఎల్లప్పుడు దెఱచియుండు నోరు: ఇదియే దాని స్వరూపము. జపాను భాషలో దీనిని కొయికింగ్, అనగా చేపరాజు, అందురు. పేరునకే రాజు. దీనికి మొదట దెలిసిన విద్య యొక్కటే, గంతు వేయుట. గంతు వేయగానే ఏమియు జరుగలేదని తెరమీద వ్రాత కనబడును. ఆటలో నొక కొండప్రక్క నొక మాటకారి దీనిని గొప్పచేపయని చెప్పి 500 నాణెములకు అంటగట్టును. కొన్నపిమ్మట సొమ్ము తిరిగి యీయడు. మఱికొంత దూరము పోయినచో పాత గాలమొకటి ఊరకే దొరకును. దాని నెచ్చట వేసినను ఈ చేపయే తగులును!

ఆటలోని జంతువివరణ గ్రంథము సైతము దీనిని బలహీనమనియు, నమ్మరానిదనియు నెగతాళి చేయును. ఒకచోట, చాల యేండ్లు బ్రదికిన మాజికార్ప్ ఒక్క గంతున గొండను దాటగలదని చెప్పి, ఐనను ఆ గంతువలన బ్రయోజనము లేదని వెంటనే చేర్చినది. కొండను దాటినను బ్రయోజనము లేదట! ఈ మాట వినినపుడు మన యిండ్లలో భోజనముల వేళ పిల్లలను గూర్చి జరుగు ప్రసంగములు మాకు జ్ఞప్తికి వచ్చినవి.

ఈ చేపను మాకు బరిచయము చేసినది మా మేనకోడలు. ఆమెకు దీనితో నెయ్యము చిన్ననాటిది. ఫోను చేత బట్టుకొని వీథులలో నడచుచు నాడెడి పోకిమాన్ గో అను ఆట 2016 డిసెంబరులో మన దేశమునకు వచ్చినపుడు, ఆమెకు తొమ్మిదేండ్లు. విశాఖపట్టణములో బీచి రోడ్డువెంట దండ్రి చేయి పట్టుకొని నడచుచు ఈ చేపనే వెదకెడిది. ఆ యాటలో మాజికార్ప్‌ను పెద్దజంతువుగా మార్చుటకు 400 మిఠాయిలు కావలెను. ఒక చేపను బట్టినచో మూడు దొరకును. దానిని దోడుగా నుంచుకొని నడచినచో కిలోమీటరున కొకటి. తండ్రికూతుండ్రిరువురు నెలల తరబడి నడచి 400 కూర్చిరి. ఆ తండ్రి యొక్కనాడును విసుగుకొనలేదు.

పదేండ్లైనను గడువలేదు. ఆమె యింటరు రెండవ సంవత్సరమునకు వచ్చినది. తెల్లవాఱక మునుపే లేపి, అర్ధరాత్రివఱకు గూర్చుండబెట్టి, వారమువారము మార్కులు తండ్రి ఫోనునకు బంపెడి యొక వసతి కళాశాలలో జేర్చిరి. అందు జేర్పింపుమని సలహా చెప్పినది మేమే. ఒకనాడామె జ్వరముతో వచ్చి మా యింట బదునాలుగు దినము లుండెను. ఆ దినములలోనే యొక పరీక్షాఫలితము వచ్చినది, మార్కులు తగ్గినవి. మధ్యాహ్నభోజనమునకు బంధువులు గూర్చుండియుండగా, "ఇంత సొమ్ము పోసినను పనికిమాలినదానవే యైతివి గదా!" యని మేమంటిమి. హాస్యముగనే యంటిమని యప్పుడనుకొంటిమి. ఆమె తల యెత్తలేదు. కలిపిన ముద్ద కంచములోనే విడిచి, చేయి కడుగుకొని లోనికి బోయెను. మా చెల్లెలు మావంక జూచిన చూపు నేటికిని మఱపునకు రాదు.

సాయంకాలము వసారాలో ఆమె, అమెరికానుండి బంధువొకరు తెచ్చియిచ్చిన పాత గేమ్‌బాయ్ యంత్రమును బట్టుకొని కూర్చుండెను. క్షమింపుమని యడుగుటకు నోరు రాక, ఆటను గూర్చి యడుగుచు బ్రక్కన జేరితిమి. ఆమె జట్టులో నాఱు జంతువులుండెను. మొదటిస్థానమున నున్నది ఈ చేప. ఏమియు జేయలేనిదానిని ముందుంచితివేల యని యడిగితిమి.

"ముందుంచకపోయినచో అది యెన్నటికిని ఎదుగదు, మామయ్యా!" యని యామె చెప్పెను.

దాని వివరమిది. ఆ తొలి యాటలలో పోరున నడుగుపెట్టిన జంతువులకు మాత్రమే అనుభవాంకములు వచ్చును. చేపను ముందు నిలిపి, వెంటనే వెనుకకు బిలిచి, బలమైన దానిని బంపవలెను. అట్లు మార్చునపుడు శత్రువు కొట్టు దెబ్బ వచ్చినదానికి దగులును. అది దెబ్బ తిని, పోరి, గెలిచి, వచ్చిన యంకములలో సగము ఏమియు జేయని చేపకు బంచును. కొన్ని జాతులు 20వ మెట్టు చేరుటకు 8,000 అంకములు చాలును. ఈ చేప మెల్లగా నెదుగు వర్గములోనిదగుటచే 10,000 కావలెను. 15వ మెట్టున గాని తాకుట యను చిన్నవిద్య రాదు. 20వ మెట్టున నది గైరడాస్ అను మహాసర్పముగా మాఱును. మూడడుగుల చేప ఆఱున్నర మీటర్ల సర్పమగును. 10 కిలోల బరువు 235 కిలోలగును. ఆ 10,000 అంకములలో నది తానై గెలిచినది మిక్కిలి స్వల్పము. తక్కినదంతయు దనకొఱకు దెబ్బలు తినినవారి పెట్టు. తనంతట దాను పైకి వచ్చితినని చెప్పుకొను పెద్దమనుష్యులు ఈ లెక్కను జూచుకొనవలెను. వారికొఱకు దెబ్బ తినిన తల్లులు, అక్కలు, గురువులు ఎందఱో!

పిమ్మట ఆమె మాకు మఱియొక లెక్క చూపెను. ప్రతి జాతికిని కొన్ని మూలసంఖ్యలు నిర్ణయింపబడియున్నవి. మాజికార్ప్‌నకు దాడిబలము 10, గైరడాస్‌నకు 125. అందఱును ఈ గడినే చూచి ఆశ్చర్యపడుదురు. "వేగము గడిని చూడుడు, మామయ్యా!" యని యామె వ్రేలు చూపెను. చేప వేగము 80. సర్పము వేగము 81. మహాసర్పమైనపుడు వేగమున గలిగిన వృద్ధి యొక్కటే యంకము! ఆ గుణము చేపయం దాదినుండియు నిండియే యున్నది. దాడిగడిని మాత్రమే చూచువారికి అది పనికిమాలినదిగా దోచినది. లోపము చేపయందా, చూచువారి కన్నులయందా?

ఇది వినుచుండగనే మాకు వేఱొకటి తోచినది. యంత్రమును బట్టుకొనుటయైన దెలియని మాకు, ఒక్కమాటయైన విసుగుకొనక, మేము తప్పడిగినచో మరల మొదటినుండి యారంభించి, ఆమె యింత లెక్కను గంటసేపటిలో దెలియజెప్పినది. తెలియనివానికి దెలియజెప్పునేర్పు ఎంతమంది పండితులకు గలదు? వారమువారము వచ్చు మార్కులపట్టికలో దానికి గడి లేదు. ఉండియుండినచో ఆమె సంఖ్య 80కి దక్కువ యుండదని మేము ప్రమాణము చేయగలము.

ఈ చేప కథకు మూలము చీనాదేశపు పాతగాథ. పచ్చనది యేటికి ఎదురీది డ్రాగనుద్వారమను జలపాతమును దుమికిన చేప డ్రాగనగునని వారి నమ్మకము. రాజోద్యోగ పరీక్షలలో గెలిచినవానిని ద్వారము దాటిన చేపయని మెచ్చుకొనుచుండిరి. ఆ పరీక్షలను 1905లో రద్దుచేసిరి. జపానులో నేటికిని మే 5వ తేదీని గుడ్డచేపలను వెదుళ్లకు గట్టి యెగురవేయుదురు. ఒకప్పుడది మగపిల్లల పండుగ. 1948లో పిల్లలందఱి పండుగగా జట్టము చేసిరి. చీనావారు తమ ద్వారమును గూలద్రోసి నూఱేండ్లు దాటినది. మనమో, ప్రతి వీథియందును నొకటి కట్టి, దాటలేని చేపలను లెక్కపెట్టుటయైన మానివేసితిమి.

1999లో వచ్చిన రెండవ యాటలో కోపసరస్సను నొక తటాకము కలదు. రాకెట్ బృందమను దొంగలముఠా యొక రహస్యస్థలమునుండి రేడియో తరంగములను బంపి, ఆ సరస్సులోని మాజికార్ప్‌లను బలవంతముగా గైరడాస్‌లుగా మార్చుచుండును. గైరడాస్ సామాన్యముగా నీలవర్ణము గలది. ఆ సరస్సు నడుమ నొక్కటి మాత్రము ఎఱ్ఱగా, చేపనాటి రంగుతోనే, పెనుకోపముతో దిరుగుచుండును. సర్పమైనది గాని, శాంతము లేదు. ఆమె యీ కథ చెప్పి యూరకుండెను. తన వసతిగృహమును గూర్చి యొక్కమాటయు ననలేదు. అనవలసిన పనియు లేకపోయెను. ఆ తరంగములను బంపినవారిలో మేమొకరమని మాకు దెలిసినది.

పిల్లలను చదువుమనుట తప్పాయని కొంద ఱాక్షేపింపవచ్చును. తప్పు కాదు. ఆడపిల్లలకు జదువు వలదన్న కాలమున జదువుకొఱకు బోరాడినవారి సంతతివారము మనము. అందుచేతనే చదువును శిక్షగా మార్చుటకు మనకధికారము లేదు. చేప యెదుగవలెను; దానికి దోడు నడువవలెను, దెబ్బలు మనము తినవలెను. కాని యెదుగుట వేఱు, ఎదిగింపబడుట వేఱు. మఱియొకటి: అన్ని చేపలును సర్పములు గాకపోయిన నేమి? 2017లో మాజికార్ప్‌నకే ప్రత్యేకముగా నొక ఫోను ఆటను వెలువరించిరి. అందు బోటీ యంతయు గంతుతోనే. ఎవరి చేప యెత్తుగా నెగిరిన వారిదే గెలుపు. ఏమియు జరుగలేదని వెక్కిరింపబడిన గంతే అందు ఘనవిద్య. చేప మాఱలేదు, కొలబద్ద మాఱినది.

ఆ రాత్రియే మేమామెను క్షమింపుమని యడిగితిమి. తండ్రికి ఫోను చేసి, 400 మిఠాయిలకొఱకు నడచిన దినములను జ్ఞాపకము చేసితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. మఱునాడు వచ్చి, వసతిగృహమునుండి యామె పెట్టెను దెచ్చివేసెను. ఇప్పుడింటినుండియే వేఱొక కళాశాలకు బోవుచున్నది. ముందేమి చదువునో యింకను నిశ్చయించుకొనలేదు. మేమడుగుటయు మానితిమి.

మా యింటనుండి వెళ్లుటకు ముందునాడు ఆమె చేప 20వ మెట్టు చేరినది. తెరమీద దాని రూపము మాఱ నారంభించినది. అట్టి సమయమున యంత్రముమీది బి యను మీట నొక్కినచో మార్పు ఆగిపోవును. ఆమె యా మీట నొక్కెను. చేప చేపగనే నిలిచినది. ఇంత శ్రమపడి యట్లు చేసితివేల యని మేమాతురతతో నడిగితిమి. "తరువాతి మెట్టున ఆట మరల నడుగును, మామయ్యా! తొందర యేమున్నది?" యని నవ్వెను. ఆమె వచ్చిన తరువాత మేము చూచిన మొదటి నవ్వు అదియే.