రెండో బంతి

మొదటి ఉత్తరం
సియాటిల్ రేవు, ఓడ మీద నుంచి

అక్కయ్యా,

మేం క్షేమం. మధ్యాహ్నం ఓడ ఎక్కాం. అలాస్కా చూపించి, ఏడు రాత్రుల తరవాత మళ్లీ ఇక్కడికే తెచ్చి దింపుతుంది. గది బాగుంది. కానీ ఎక్కగానే మనసు చివుక్కుమనే పని ఒకటి జరిగింది.

ఎక్కేటప్పుడు తలా ఒక కార్డు ఇచ్చారు. గది తాళం అదే, ఓడలో ఏం కొన్నా లెక్క రాసేది దాని మీదే. భోజనం వేళ, టేబుల్ నంబరు కూడా దాని మీదే అచ్చేసి ఉన్నాయి. పెద్ద భోజనశాలలో రాత్రిపూట రెండు బంతులు. మొదటిది ఐదున్నరకి, రెండోది ఎనిమిదింటికి. అబ్బాయి, కోడలు, బుడ్డోడు మొదటి బంతి. మేమిద్దరం రెండో బంతి, అదీ ముక్కూమొహం తెలియనివాళ్లతో. టికెట్లు రెండు విడతలుగా కొన్నారు కదా, రెండూ ఒకే కుటుంబానివని ముందే చెప్పి కలిపించుకోవాలట. అబ్బాయి పరుగున వెళ్లి భోజనశాల పెద్దని అడిగాడు. మొదటి బంతి నిండిపోయింది, ఖాళీ అయితే కబురు చేస్తాం అన్నారట.

కొడుకు పక్కన కూర్చుని నాలుగు మెతుకులు తినాలనే కదా ఇంత దూరం వచ్చాం! మీ మరిదిగారు గదికే ఏదో ఒకటి తెప్పించుకుందాం అన్నారు. నేనే బలవంతాన తీసుకెళ్లాను.

గుండ్రటి బల్ల, ఎనిమిది కుర్చీలు. అయోవా నుంచి వచ్చిన రైతు దంపతులు, టెక్సాస్ అక్కచెల్లెళ్లిద్దరు, భర్త పోయిన ఒక పెద్దావిడ. మాతో ఏడుగురం. ఒక కుర్చీ ఖాళీ. తలదించుకుని తిని వచ్చేశాం.

రెండో ఉత్తరం
జూనో

అక్కయ్యా,

ఈ బంతుల మర్మం ఇప్పుడు తెలిసింది. ఓడలో వేల మంది, భోజనశాలలో ఒక్కసారిగా పట్టేది దాదాపు సగం మందే. అందుకని రెండు విడతలు. వంటింట్లో ఏ నిమిషానికి ఏ వంటకం దిగాలో దాన్ని బట్టే నడుస్తుంది. వడ్డించేవాళ్లకి కొన్ని టేబుళ్లు అప్పగిస్తారు. ప్రయాణం పూర్తయ్యేదాకా వాళ్లు అవే చూసుకుంటారు. మాకు వడ్డించేది ఇండోనేషియా కుర్రాడు. మొదటి రాత్రి నేను నిమ్మకాయ, పచ్చిమిరపకాయ అడిగాను. రెండో రాత్రి మేం కూర్చునేసరికే చిన్న సాసర్లో నాలుగు నిమ్మ చెక్కలు, మూడు పచ్చిమిరపకాయలు నిలువునా చీల్చి, నా పళ్లేనికి కుడిపక్కన పెట్టి ఉన్నాయి. నేను కుడిచేత్తో తింటానని గమనించాడన్నమాట. రేపటికి పప్పు, చపాతీ కావాలంటే ఈ రాత్రే చెప్పమన్నాడు.

బడిలో పిల్లలకి టైటానిక్ కథ చెప్పేదాన్ని, గుర్తుందా? 1912లో ఆ ఓడలో మూడు తరగతులకీ మూడు వేరువేరు భోజనశాలలు. ఒకరి తిండి మరొకరి కంటపడదు. క్వీన్ మేరీ 2లో ఇప్పటికీ గది ఖరీదును బట్టి భోజనశాల మారుతుంది. మనకిది కొత్తా అక్కయ్యా? మన ఊరి పెళ్లిళ్లలో ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో కులం చెప్పేది. ఎవరి విస్తరి పందిట్లో, ఎవరిది పందిరి బయట, చిన్నప్పుడు మనిద్దరం కళ్లారా చూశాం. అదంతా తలుచుకున్నాక ఈ కార్డు మీది నంబరు నాకు మంచిదనిపించింది. అది ఎవర్నీ ఏమీ అడగలేదు. ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది.

మూడో ఉత్తరం
గ్లేసియర్ బే

అక్కయ్యా,

ఇక్కడికి రోజుకి రెండు పెద్ద ఓడలకి మించి రానివ్వరు. ఓడ ఇంజను చప్పుడు తగ్గించి మంచుకొండ ముందు నిలబడింది. ఇంటి అంత ముక్క విరిగి నీళ్లలో పడింది. పడ్డది కనిపించిన కాసేపటికి గానీ ఉరుము లాంటి చప్పుడు చెవికి చేరలేదు.

అయినా నీకు చెప్పాలనుకున్నది వేరే. నిన్న రాత్రి అయోవా ఆయన ఏం పండిస్తారని అడిగారు. మీ మరిదిగారు వచ్చిన కాస్త ఇంగ్లీషులోనే, వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న వేస్తామని చెప్పారు. ఆయన కుర్చీ ఇటు జరుపుకున్నాడు. తనదీ మొక్కజొన్నేనట, తనూ దున్నడట! అంతే, రుమాలు మీద ఇద్దరూ సాళ్లు గీసుకుంటూ కూర్చున్నారు. ఇంట్లో పూటకి పది మాటలాడని మనిషి గంటసేపు మాట్లాడారు.

ఈ ఉదయమే కబురొచ్చింది. మొదటి బంతిలో రెండు చోట్లు ఖాళీ అయ్యాయి, మారతారా అని. అబ్బాయి సంబరపడ్డాడు. మీ మరిదిగారు నా వైపు చూసి, "పొద్దున, మధ్యాహ్నం వీళ్లతోనే తింటున్నాం కదా. రాత్రికి అక్కడే ఉందాం" అన్నారు. నా మనసులో మాటా అదే. బుడ్డోణ్ణి మాత్రం ఈ రాత్రి మా బంతికి తీసుకెళ్లాం. పెద్దావిడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుని, ఆమె చేత ఐస్‌క్రీం తినిపించుకుని, అక్కడే నిద్రపోయాడు. ఆమె చెయ్యి వాడి తల కింద అలాగే ఉంచుకుంది.

నాలుగో ఉత్తరం
విక్టోరియా, చివరి రాత్రి

అక్కయ్యా,

ఓడ భోజనాలకి కొత్త పద్ధతి ఒకటుంది. 2000లో నార్వీజియన్ క్రూజ్ లైన్ ‘ఫ్రీస్టైల్’ పేరుతో పెట్టింది. వేళ లేదు, నంబరు లేదు, ఎప్పుడైనా వచ్చి నచ్చినవాళ్లతో కూర్చోవచ్చు. ఇప్పుడు చాలా ఓడల్లో ఆ వీలుంది, కోడలు ఈసారి అదే తీసుకుందామంటోంది. పసివాళ్లున్నవాళ్లకి అది సుఖమే, కాదనను. కానీ నా ఇష్టానికి వదిలేసి ఉంటే, నేను కొడుకునీ కోడల్నీ తప్ప ఎవర్నీ ఎంచుకునేదాన్ని కాదు. ఆ రైతుకీ మీ మరిదిగారికీ మాటే కలిసేది కాదు.

సాయంత్రం ఓడ విక్టోరియాలో ఆగింది. ఊరు చూడ్డానికి చాలామంది దిగిపోయారు. ఎనిమిదింటికి భోజనశాల సగం ఖాళీ. మా బల్ల దగ్గర మాత్రం ఏడుగురం ఉన్నాం. రమ్మని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. సాసర్లో నిమ్మ చెక్కలు సిద్ధంగా ఉన్నాయి.

అక్కయ్యా, నీ మనవరాలి పెళ్లికి బఫే అనుకుంటున్నామని రాశావు. ఒక్క పూట బంతి వేయించు. మన వాళ్లందర్నీ ఒక వరసలో, వియ్యాలవారిని ఒక వరసలో కూర్చోబెట్టకు. చుట్టాలూ, ఊరివాళ్లూ, పందిరి వేసినవాళ్లూ, అందర్నీ కలిపి ఒకే బంతి. ఎవరి పక్కన ఎవరో నేనొచ్చి చూస్తాను. వడ్డన నువ్వు చూసుకో.

నీ చెల్లెలు