పదకొండో మనిషి

ఫుట్‌బాల్ జట్టుకు పదకొండు మంది కావాలి. ఏడుగురి కంటే తక్కువ ఉంటే రిఫరీ మ్యాచ్ మొదలుపెట్టడు. డిగ్రీ రెండో ఏడు మేము కాలేజీ జట్టుకు ఆడినన్నాళ్లూ ఈ రెండు అంకెల మధ్యనే తిరిగాం. మ్యాచ్ ముందు రాత్రి మా పని మనుషుల్ని లెక్కబెట్టుకోవడం.

మాలో ఉట్నూరు వైపు గోండులం ఉన్నాం, భద్రాచలం వైపు కోయలం ఉన్నాం, దేవరకొండ తండాల లంబాడీలం ఉన్నాం. హాస్టల్లో సీటు దొరకక కృష్ణానగర్‌లో గది తీసుకున్నాం. గదికి ఐదుగురం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు దగ్గర, పంజాగుట్టకైతే నడిచే పోవచ్చు. కృష్ణానగర్ సినిమా పనివాళ్ల బస్తీ. తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ బండ్ల కోసం రోడ్డు మీద నిలబడతారు. కిరాయి కట్టే వారం వస్తే మాలో ఇద్దరు ముగ్గురం ఆ గుంపులో నిలబడేవాళ్లం. మిగిలినవాళ్లం పెళ్లిళ్లలో కేటరింగ్‌కు పోయేవాళ్లం. ఆటల పోటీలు, పెళ్లి ముహూర్తాలు ఒకేసారి వచ్చేవి. రాత్రి రెండింటి దాకా ప్లేట్లు ఎత్తినవాడు పొద్దున ఐదింటికి బంతి వెంట ఉరకాలి.

కాలేజీకి గ్రౌండ్ లేదు. గల్లీలో, పార్క్ చేసిన బండ్ల నడుమ ఆడేవాళ్లం. గట్టిగా తంతే ఎవరి అద్దమో పగులుతుంది. అందుకే బంతి కాలికి తగలగానే పక్కవాడికి ఇచ్చేయాలని నియమం పెట్టుకున్నాం. ఆశ్రమ పాఠశాలలో ఉత్తి కాళ్లతో ఆడినవాళ్లం, షూ వేసుకున్న మొదటి వారం బంతి మా మాట వినలేదు. ముగ్గురికి షూ లేవు. ఒకరు బయటికి వస్తే ఆ జతే వేసుకుని ఇంకొకరు లోపలికి పోయేవాళ్లు.

మేము గల్లీ ఇరుకై చేసిన పనిని ఇదే ఊళ్లో ఒక మాస్టారు కావాలని చేయించాడని తర్వాత తెలిసింది. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి బడి పంతులు అయ్యాడు. బంతిని కాళ్ల దగ్గర పెట్టుకోకుండా వెంటనే అందించే పోటీలు, బలం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టాడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్‌లో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో మేము బంతి తన్నడానికి జాగా వెతుక్కున్నాం.

యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీలో ఓడితే ఇంటికే. మొదటి మ్యాచ్ నాడు మధురానగర్‌లో మెట్రో ఎక్కి తార్నాకలో దిగేసరికి తొమ్మిది మందిమే ఉన్నాం. ఇద్దరు షూటింగ్‌కు పోయారు. అవతల పదకొండు మంది, అందరికీ ఒకే రంగు మేజోళ్లు. తెలుగులో పిలుచుకుంటే ఎత్తు వాళ్లకు తెలిసిపోతుంది. అందుకని గోండులం, కోయలం మా మాటలో పిలుచుకున్నాం. రెండూ దగ్గరి భాషలే, ఒకరిది ఒకరికి అందుతుంది. లంబాడీ పిలుపులు గల్లీలోనే అందరం నేర్చుకున్నాం. క్లాసులో నవ్వుతారని నోటి దాకా రానివ్వని మాటలను ఆ రోజు గొంతెత్తి అరిచాం. ఒకటి సున్నాతో గెలిచాం.

రెండో మ్యాచ్‌కు ముందు మాలో ఒకడు బ్యాగు సర్దుకున్నాడు. మ్యాచ్ రోజులకు కాలేజీలో హాజరు వేయలేదు. హాజరు 75 శాతానికి తగ్గితే స్కాలర్‌షిప్‌కు చిక్కు. ఇంటి దగ్గర పత్తి పోయింది. హోటల్లో పని దొరికింది, చదువు చాలు అన్నాడు. మేము ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "నువ్వు పోతే పది మందిమే ఉంటాం తమ్ముడూ, ఈ మ్యాచ్ ఆడి పో" అన్నాం. ఆడాడు. గెలిచాం. ఇంకో మ్యాచ్ ఉంది కదా అని ఉన్నాడు. మూడోది మూడు ఒకటితో ఓడిపోయాం. మా సీజను అంతే. అప్పటికి పరీక్షలు నెల రోజుల్లోకి వచ్చాయి, రాసే పోతానన్నాడు. మరుసటి ఏడు కూడా ఉన్నాడు.

మా ఊళ్ల నుంచి వచ్చి మొదటి ఏడాదే వెనక్కి పోయినవాళ్లను చాలామందిని చూశాం. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు లేరు. ఫలానా పొద్దున నువ్వు రాకపోతే మాకు నడవదు అని చెప్పేవాళ్లు వాళ్లకు ఈ నగరంలో దొరకలేదు. మాకు ఫుట్‌బాల్ వల్ల దొరికారు.

1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో నాగా గిరిజనుడు. అప్పుడు కలకత్తాలో వైద్య విద్యార్థి. ఆ జట్టులో ఎక్కువమంది ఉత్తి కాళ్లతోనే ఆడి, ఫ్రాన్స్ చేతిలో రెండు ఒకటితో ఓడారు. ఆయన చదువు పూర్తి చేసి డాక్టరై సొంత నేలకే తిరిగి వెళ్లాడు. ఆట వల్ల చదువు చెడుతుందనేవాళ్లకు ఆయన పేరు చెప్పండి. ఆట మగపిల్లలదే అనేవాళ్లకు నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత జట్టు దాకా వెళ్లిన గుగులోత్ సౌమ్య పేరు చెప్పండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పట్నం వచ్చిన మొదటి నెలలోనే ఏదో ఒక జట్టులో చేరండి. ఫుట్‌బాలే కానక్కర్లేదు, డప్పు బృందమైనా సరే. సార్లూ, మేడమ్‌లూ, మ్యాచ్‌కు పోయిన పిల్లవాడికి హాజరు వేయించండి. దానికి ఖర్చు కాదు.

ఆనాడు బ్యాగు సర్దుకున్నవాడు ఇప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో సీఆర్‌టీ. అక్కడ బంతి బీరువాలో ఉండదు, వరండాలో ఉంటుంది. గాలి తగ్గితే తనే కొడతాడు.