‘పోయింది’ అనే ముందు

కంప్యూటరు ఆన్ కాకపోతే మన హాస్టల్లో మొదట వినిపించే మాట “పోయింది”. ఫ్యాను ఆగితే స్విచ్చి చూస్తాం. మోటారు నీళ్ళు ఎత్తకపోతే ఫ్యూజు చూస్తాం. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏమీ చూడకుండానే గుడ్డ కప్పేస్తాం.

మన రీడింగ్ రూములోని ఐదు కంప్యూటర్లూ ఒక ఆఫీసు వాళ్ళు కొత్తవి కొనుక్కుని మనకిచ్చిన పాతవి. రెండు పెంటియం 4, మూడు కోర్ టూ డ్యుయో. మనలో కొందరికంటే వయసులో పెద్దవి. అయినా వాటితో మనకున్న అవసరం ఇంతా అంతా కాదు. స్కాలర్‌షిప్పు రెన్యువలు, పరీక్ష ఫీజు, హాల్‌టికెట్టు, ప్రాజెక్టు రికార్డు అన్నీ వాటి మీదే. ఫోన్లో చేసుకోవచ్చు కదా అంటారు. ముగ్గురికి ఒక ఫోను ఉన్నచోట, సర్టిఫికెట్లు సైజు తగ్గించి అప్‌లోడ్ చేయాల్సి వస్తే ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. నెట్ సెంటరుకు వెళ్తే ఒక్కో ఫారానికీ డబ్బులు, పైగా ఒక పూట క్లాసు పోతుంది.

రెండేళ్ళ కిందట మూడు కంప్యూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. ఆటోలో టౌనుకు తీసుకెళ్తే, షాపాయన మూత కూడా విప్పకుండా “మూడింటికీ మదర్‌బోర్డులు పోయాయి, కొత్తవి కొనుక్కోండి” అన్నాడు. మా సీనియరు, పాలిటెక్నిక్‌లో ఈసీఈ చదివే అన్న, వాటిని మళ్ళీ ఆటో ఎక్కించి తెచ్చి “విప్పి చూద్దాం, పట్టండి” అన్నాడు. ముట్టుకుంటే పాడవుతాయేమో అని మేం జంకాం. “ముట్టుకోవద్దు అనే మాట మనవాళ్ళు తరతరాలుగా విన్నారు. ఇప్పుడు యంత్రాల దగ్గర మనకు మనమే ఆ మాట చెప్పుకోవాలా?” అని అడిగాడు అన్న. ఆ రోజే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాం.

అన్న నేర్పిన ముఖ్యమైన సంగతి ఒక్కటే. కంప్యూటరు లేవడానికి ఒక వరస ఉంది. ముందు కరెంటు ఎస్‌ఎంపీఎస్‌కు అందాలి. అది మదర్‌బోర్డుకు ఇవ్వాలి. అప్పుడు ప్రాసెసరు బయోస్ చిప్పులో రాసి ఉన్న ప్రకారం పని మొదలుపెట్టి ర్యామ్, డిస్‌ప్లే, కీబోర్డు సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. దీన్నే పోస్ట్ అంటారు. ఆ తరువాతే హార్డ్‌డిస్కు దగ్గరికి వెళ్ళి విండోసునో లినక్సునో లేపుతుంది. ఈ వరసలో ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం రిపేరు అయినట్టే.

ఫ్యాను కూడా తిరగలేదనుకోండి. ముందు అదే సాకెట్లో ఫోను చార్జరు పెట్టి చూడాలి. తరువాత పవర్ కార్డు మార్చి చూడాలి. సీపీయూ వెనుక ఉండే చిన్న స్విచ్చి ఆఫ్‌లో ఉందేమో చూడాలి. మా మొదటి కంప్యూటరు జబ్బు ఇక్కడే దొరికింది. కార్డు లోపల తీగ తెగిపోయింది. పక్క కంప్యూటరు కార్డు పెట్టగానే లేచింది. అలా లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించాలి. కరెంటు తీసేసి, బోర్డు నుంచి 24 పిన్నుల ప్లగ్గు ఊడదీయాలి. మరీ పాతవాటికి 20 పిన్నులే ఉంటాయి. అందులో ఆకుపచ్చ తీగనూ ఒక నల్ల తీగనూ పేపరు క్లిప్పుతో కలిపి, క్లిప్పు మీద చెయ్యి తీసేశాకే కరెంటు ఇవ్వాలి. దాని ఫ్యాను తిరగకపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. ఆ డబ్బాను మాత్రం ఎవరూ విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే చెవిపెట్టి వినాలి. లోపల చిన్న స్పీకరు ఉంటే బీప్‌లతో జబ్బు చెబుతుంది. ఒక చిన్న బీప్ వస్తే సాధారణంగా అంతా బాగున్నట్టు. ఆగకుండా వస్తుంటే చాలాసార్లు ర్యామ్ దగ్గర తేడా. బయోస్ కంపెనీని బట్టి ఈ గుర్తులు మారతాయి. మా రెండో కంప్యూటరు ఇలాగే అరుస్తూ ఉండేది. ప్లగ్గు తీసి, ఒంట్లో స్టాటిక్ పోయేలా క్యాబినెట్ ఇనుమును తాకి, ర్యామ్ బయటికి తీశాం. దాని బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచి, టక్కుమనేదాకా నొక్కాం. లేచింది.

మూడోది మాత్రం నిజంగా బోర్డు జబ్బే. ప్రాసెసరు పక్కన కెపాసిటర్ల తలలు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి ఉంది. సుమారు 1999 నుంచి 2007 దాకా ప్రపంచమంతటా చాలా బోర్డులు ఇలాంటి నాసిరకం కెపాసిటర్ల వల్లే చెడిపోయాయి. దాన్ని కూడా మేం పారేయలేదు. దాని ర్యామ్, కేబుళ్ళు మిగిలిన నాలుగింటికీ పనికొస్తున్నాయి.

తెర వెలిగి, తేదీ తప్పని చెప్పి ఎఫ్1 నొక్కమంటే బోర్డు మీది సెల్లు అయిపోయినట్టు. రూపాయి బిళ్ళంత ఉంటుంది. పేరు సీఆర్ 2032, 3 వోల్టులది. అది అయిపోతే స్విచ్చి కట్టేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. పోయిన ఏడు స్కాలర్‌షిప్పు గడువు చివరి రోజు సాయంత్రం నలుగురు తమ్ముళ్ళ ఫారాలు మిగిలి ఉన్నాయి. కనెక్షన్ సురక్షితం కాదంటూ వెబ్‌సైటు తెరుచుకోలేదు. ఒక తమ్ముడు ఏడుపు ముఖం పెట్టేశాడు. ఫీజు రాకపోతే వాళ్ళింట్లో చదువు మాన్పిస్తారు. అంతలో మాలో ఒకడు తెర మూల చూశాడు. 2002 జనవరి! ఆ తేదీకి సైటు సర్టిఫికెట్టు ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేయగానే సైటు తెరుచుకుంది. నాలుగు ఫారాలూ ఆ రాత్రే వెళ్ళాయి. మర్నాడు కొత్త సెల్లు వేశాం.

అన్నీ దాటి చివర్లో ఆగితే, ఎవరైనా పెన్‌డ్రైవు పెట్టి మరిచిపోయారేమో చూడండి. బయోస్‌లో హార్డ్‌డిస్కు పేరు కనిపించకపోతే కేబులు బిగించండి. డిస్కు టిక్కుటిక్కుమని కొట్టుకుంటుంటే పదేపదే ఆన్ చేయకండి. లినక్సు పెన్‌డ్రైవుతో లేపి ముందు ప్రాజెక్టు రికార్డులు కాపీ చేసుకోండి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో మైక్రోసాఫ్టు మద్దతు ఆగిపోయింది. అందుకే మన నాలుగింటిలోనూ ఉచితంగా దొరికే లినక్సు వేశాం.

తమ్ముళ్ళారా, ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రీడింగ్ రూము బీరువాలో స్క్రూడ్రైవరు, బ్రష్షు, రబ్బరు, రెండు సెల్లులు, ఒక నోటుబుక్కు ఉన్నాయి. ఏ కంప్యూటరు, ఎక్కడ ఆగింది, ఏం మార్చాం, లేచిందా లేదా అన్నీ అందులో రాశాం. అన్న ఉద్యోగంలో చేరి వెళ్ళిపోయాడు. పరీక్షలవగానే మేమూ గదులు ఖాళీ చేస్తాం. నోటుబుక్కులో ఇంకా సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. అవి మీరు రాయాలి.

– ఫైనలియర్ విద్యార్థులు