రెండు తలల పాముకి ఇల్లు కట్టబోయి

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొన్న గ్రూపులో ఒక అన్న, ఎవరో విదేశీయుడు కొండచిలువను మెడలో వేసుకున్న వీడియో పెట్టి, "మనల్ని కూడా ఇట్లా పెంచుకోనిస్తే ఎంత బాగుండు" అని రాశాడు. కింద నవ్వు బొమ్మలు చాలా పడ్డాయి. మేము నవ్వలేకపోయాం. పోయిన దసరా సెలవుల్లో మేము ఒక పాముని పెంచాం. పదకొండు రోజులు. ఆ సంగతి హాస్టల్లో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మేము అంటే ఒకే కాలనీ నుంచి వచ్చి ఒకే రూములో ఉంటున్న ముగ్గురం. ముగ్గురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాస్తున్నది ఒకరే అయినా తప్పు ముగ్గురిదీ కాబట్టి మేము అనే రాస్తున్నాం.

మాది నెల్లూరు వైపు యానాది కాలనీ. మా చిన్నాయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. (మాలో ఒకడికి ఆయన మామ అవుతాడు. అయినా ముగ్గురం చిన్నాయనా అనే పిలుస్తాం.) గుంటల ఆసామి దగ్గర నలభై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. అది తీరేదాకా అక్కడి నుంచి కదలడానికి లేదు. ఖాళీ దొరికితే పొలం గట్ల మీద ఎలుకలు పడతాడు. కుండలో గడ్డి రగిలించి కలుగులోకి పొగ ఊదడం మా అందరికీ తెలిసిన పనే, ఆయన మాత్రం మట్టి చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పేస్తాడు. అట్లా ఒకరోజు గట్టు తవ్వుతుంటే ఎలుకకి బదులు రెండు తలల పాము బయటికి వచ్చింది.

మామూలుగా అయితే వదిలేసేవాడు. కానీ అంతకు నెల ముందు బండి మీద ఒక మనిషి కాలనీకి వచ్చి, రెండు తలల పాము రెండు కిలోలు దాటితే లక్షలు ఇప్పిస్తానని చెప్పి పోయాడు. ఇది ఒక కిలో కూడా లేదు. ఫోన్ చేస్తే ఆ మనిషి, "మేపండి, లావు చేయండి, నేను వస్తా" అన్నాడంట. చిన్నాయన మాకు ఫోన్ చేశాడు. "మీరు చదువుకున్నోళ్లు గదరా, దీన్ని ఎట్లా పెంచాలో ఆ ఫోన్లో చూసి చెప్పండి."

నిజం చెప్పాలంటే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. లక్షలు వస్తే ముందు నలభై వేలు కట్టేయాలి, తర్వాత ఇంటికి పైకప్పు, తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్. ఒకడు బండి కూడా లెక్కేశాడు. చట్టం గురించి మాకు తెలియక కాదు. తెలిసే ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

ఇక చదవడం మొదలుపెట్టాం. అమెరికాలో, యూరప్‌లో చాలామంది బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువను పెంచుతారు. దాని సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. భయం వేస్తే తల లోపలికి పెట్టి బంతిలాగా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో ఉన్న ఒక బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది, అప్పటికి దాని వయసు అరవై దాటిందని అంచనా. అంటే ముచ్చటపడి ఒక పాముని తెచ్చుకుంటే పాతిక ముప్పై ఏళ్లు దాన్ని చూసుకోవాలి. బోవా అనేది దక్షిణ అమెరికాది, ఇంకా పెద్దది. మన రెండు తలల పాము కూడా బోవాల కుటుంబమే అని చూసి మేము ఎగిరి గంతేశాం. పెంచే పద్ధతి అంతా రాసి ఉంది గదా అనుకున్నాం.

పద్ధతి ఏందంటే, పాముకి ఒంట్లో సొంత వేడి ఉండదు. తిన్నది అరగాలంటే బయటి నుంచి వేడి కావాలి. అందుకని పొడుగాటి పెట్టెలో ఒక చివర వేడి పెడతారు, అటు 32 డిగ్రీల దాకా ఉండాలి. రెండో చివర చల్లగా, 26 దాకా. రెండు చివర్లా దాక్కోవడానికి ఒక్కో గూడు, ఒక గిన్నెలో నీళ్లు. ఎప్పుడు ఎటు పోవాలో పామే చూసుకుంటుంది. వేడికి ఒక మిషన్ పెట్టి, ఇంత దాటకుండా కట్టేస్తారు. మన పాము లాంటి మట్టిలో దూరే రకానికైతే కింద మందంగా ఇసక ఉండాలి. బతికున్న ఎలుకని లోపల వదలరు, ఎందుకంటే ఎలుకే పాముని కొరుకుతుంది. చచ్చినదాన్ని ఐస్‌లో పెట్టి, మళ్లీ వెచ్చబెట్టి ఇస్తారు. తిన్నాక రెండు రోజులు ముట్టుకోరు, ముట్టుకుంటే కక్కేస్తుంది.

ఇంత చదివి మేము చేసింది చూడండి. చిన్నాయన దాన్ని బియ్యం పోసుకునే నీలం డ్రమ్ములో పెట్టాడు. మేము వాగు ఇసక తెచ్చి జానెడు పోశాం. అరవై వాట్ల బల్బు వైరుతో పైనుంచి వేలాడదీశాం. ఎలుకని బతికున్నదాన్నే వదిలాం, చంపి పెట్టాలని చదివి కూడా. అది రాత్రంతా డ్రమ్ము గీరింది, పాము దాని వైపు కూడా పోలేదు. ఇసకలో దూరి, తోక మాత్రం పైకి పెట్టుకుని ఉంది. దాని తోక తల మాదిరే మొద్దుగా ఉంటుంది. భయపడితే అసలు తల చుట్టల కింద దాచి తోకని ముందుకు పెడుతుంది. పక్షో ముంగిసో కొడితే తోక మీద కొడుతుంది, తల బతుకుతుంది. రెండు తలల రహస్యం అంతా ఇంతే. నిధి లేదు, మందు లేదు, అదృష్టం లేదు. విషం కూడా లేదు పాపం.

నాలుగో రోజు, ఐదో రోజు, తినలేదు. ఆరో రాత్రి వైరు జారి బల్బు ఇసక మీదకి దిగిపోయింది. పొద్దున్నే చూస్తే తోకకు జానెడు ముందు, వీపు మీద రూపాయి బిళ్లంత మేర పొలుసులు మాడి ఉన్నాయి. పక్కకి జరగొచ్చు గదా అనుకున్నాం. ఎటు జరుగుతుంది? గుండ్రటి డ్రమ్ములో ఆ చివరా ఈ చివరా లేవు. అంతా ఒకటే వేడి.

చిన్నాయన దాన్ని బయటికి తీసి చాలాసేపు చూశాడు. మమ్మల్ని తిట్టలేదు. వేపాకు, పసుపు నూరి రాశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "చలి పడితే ఇది తినదురా. కడుపు నిండినప్పుడు గట్టుకి ఎండ తగిలే వైపు పడుకుంటది, ఎండ ఎక్కువైతే కలుగులోకి పోతది. మీ ఫోన్లో ఇంకేం రాసుంది?"

మాకు నోట మాట రాలేదు. రెండు రాత్రులు ఇంగ్లీషు పేజీలు డిక్షనరీ పెట్టుకుని చదివితే మాకు తెలిసింది అదే. వెచ్చని చివర, చల్లని చివర, గూడు. ఆ పాముకి గట్టే ఇల్లు, అందులో అన్నీ ముందే ఉన్నాయి. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుందని. ఏడో తరగతిలో మేము పాములు గుడ్లు పెడతాయని రాసి మార్కులు తెచ్చుకున్నాం. వెతికి చూస్తే ఆయన చెప్పిందే రైటు. గుడ్లు పెట్టేది కొండచిలువ. గుంటల వలల్లో చిక్కిన కొండచిలువల్ని ఆయన చాలాసార్లు వల కోసి వదిలాడు. తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని దాదాపు రెండు నెలలు ఉంటుంది, చల్లబడితే ఒళ్లు వణికించి మరీ వేడి పుట్టిస్తుంది. ఇది మేము చదివి చెబితే ఆయన, "అవును, వణుకుతుంటే చూశా. జొరం అనుకున్నా" అన్నాడు.

ఆ రోజే మేము చట్టం మాట ఎత్తాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పాముని పట్టడం, దాచడం, అమ్మడం అన్నీ నేరమే. కొండచిలువ అయితే మొదటి షెడ్యూల్లో ఉంది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల్ని ఇక్కడ ఉంచుకున్నా పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి, 2024లో దానికి నిబంధనలు వచ్చాయి. బండి మీద వచ్చినోడికి ఊరూ పేరూ లేదు. డ్రమ్ము ఎవరింట్లో ఉంటే వాళ్లే దొరుకుతారు. దొరికినోడి ఫోటో పేపర్లో పడుతుంది, కింద మన కులం పేరు కూడా పడుతుంది.

చిన్నాయన అంతా విని ఒకే మాట అడిగాడు. "ఆ నలభై వేలు మీరిస్తారా?"

దానికి మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. స్కాలర్‌షిప్ పడితే తలా కొంత ఇద్దామనుకున్నాం. అది ఇంకా పడలేదు.

అప్పుడు ఒకటి చూపించాం. పెంచుకోలేక వదిలేసినవి, తప్పించుకున్నవి అయిన బర్మా కొండచిలువలు అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో పెరిగిపోయి అక్కడి జంతువుల్ని తినేస్తున్నాయి. వాటిని పట్టడానికి 2017లో తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుల పెద్దల్ని పిలిపించుకున్నారు. మాసి సడయన్, వడివేల్ గోపాల్. మన మాదిరే ఎలుకలు, పాములు పట్టే జనం. అక్కడి వేటగాళ్లు బండ్లలో రోడ్ల వెంట వెతుకుతుంటే వీళ్లు నేరుగా పొదల్లోకి పోయారు. రెండు వారాలు తిరక్కముందే 13 పట్టారు, అందులో ఒకటి 16 అడుగుల ఆడది. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వాళ్ల జనానికి 1978 నుంచి సొసైటీ ఉంది, లైసెన్సు మీద పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాము కాటు మందు తయారవుతుంది.

చిన్నాయన ఆ ఇద్దరి ఫోటో పెద్దది చేసి చూశాడు. "పంచెలు కట్టుకుని పోయినారా ఢిల్లీకి?" అన్నాడు. ఇంకేం అనలేదు.

పదకొండో రోజు సాయంత్రం అదే గట్టు మీద వదిలాం. మచ్చ ఇంకా మానలేదు. డ్రమ్ము వంచితే కాసేపు కదల్లేదు, తర్వాత తల మట్టిలో పెట్టి, మేము చూస్తుండగానే ఒళ్లంతా లోపలికి లాక్కుంది. చివరికి తోక కూడా పోయింది. చిన్నాయన వారం రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. బండి మనిషి రెండుసార్లు వచ్చి అరిచిపోయాడని తర్వాత తెలిసింది. ఆయన ఇంకా గుంటల దగ్గరే ఉన్నాడు.

వీడియో పెట్టిన అన్నకి కోపం రావద్దు. మాకు కూడా మెడలో వేసుకోవాలనే ఉండింది.

మనకి కూడా ఇరులల మాదిరి సొసైటీ పెట్టడానికి వీలుంటుందా, దానికి ఏ ఆఫీసులో ఎట్లా అర్జీ పెట్టుకోవాలి అనేది తెలిసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. చిన్నాయన మొన్న ఫోన్లో ఆయనంతట ఆయనే అడిగాడు.