తణుకులో పదిదినములు

మొన్నటి ఆషాఢమాసమున మా అప్పగారిని చూచి వచ్చుటకై మేము తణుకు పోయితిమి. నిడదవోలులో బండి మారి భీమవరము పోవు దారిని పట్టినంతనే కన్నులకు చల్లదనము కలిగినది. ఇరుప్రక్కల పచ్చని నారుమళ్లు, వాని నడుమ నిండుగా పారు కాలువలు, గట్లమీద కొబ్బరిచెట్లును తాడిచెట్లును. 1852లో ధవళేశ్వరముకడ ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ సీమ యంతయు గోదావరి పెట్టిన అన్నమే తినుచున్నది.

తణుకు గోస్తనీ తీరముననున్న పాతయూరు. తారకాసురుని పురము ఇదేయని కొందరును, నన్నయభట్టారకుడు యజ్ఞము చేసిన తావని మరికొందరును చెప్పుదురు. 1947లో ఆంధ్రా షుగర్స్ వెలసినది మొదలు దీనికి చక్కెర పేరును వచ్చినది. ఊరి గుళ్లను గూర్చి, బజారులను గూర్చి వ్రాయువారు చాలమంది కలరు. మేము వ్రాయదలచినది అప్పగారి పెరటిని గూర్చియు, అచ్చట మేము చేసిన యొక పొరపాటును గూర్చియు మాత్రమే.

అప్పగారికి ఇద్దరు మనుమలు. పెద్దవాడు పదునొకండేండ్లవాడు, పిల్ల ఎనిమిదేండ్లది. మేము చేరిన మరునాటి సాయంకాలము పశువులపాక గోడ తొర్రనుండి గోరువంకపిల్ల యొకటి జారి నేలబడినది. ఒంటినిండ ఈకలైన రాలేదు. పిల్ల పరుగెత్తి దానిని తీయబోగా మేము అరుగుమీదనుండి గట్టిగా కేకవేసితిమి: "ముట్టుకోకే! మనిషి వాసన తగిలితే తల్లి మళ్లీ దగ్గరకు రానివ్వదు!" మా చిన్నతనమున మా మామ్మగారు చెప్పిన మాట యది. మేము దానిని ఎన్నడును సందేహింపలేదు. పిల్ల చేయి వెనుకకు తీసికొని దూరముగా నిలుచుండెను. చీకటి పడినది. తెల్లవారి చూడగా గోడక్రింద నాలుగు ఈకముక్కలు మాత్రము మిగిలినవి. రాత్రి పిల్లి వచ్చినది.

పిల్ల ఏడ్వలేదు, ఏడ్చినచో మాకు కొంత నయముగా నుండెడిది. కాఫీవేళ పెద్దవాడు మా యెదుట నిలిచి మర్యాదగానే యడిగెను: "చిన్నమామ్మగారూ, గోరింకకి మన వాసన తెలుస్తుందని మీకెవరు చెప్పారండీ?" మాకు ఉత్తరము తోచలేదు.

అప్పగారి కోడలు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము చెప్పుచున్నది. ఆమె మమ్ము తప్పుపట్టలేదు. "చిన్నత్తగారూ, కాకి కోకిలపిల్లను మేపడం మీరు చూశారు కదండీ" యని మాత్రము అన్నది. ఆ యొక్క మాటతో మా తల దిమ్మెక్కినది. తన గూటిలో పెరుగునది పరాయిపిల్లయని కనిపెట్టలేని కాకి యుండగా, మన చేతివాసనకే గోరువంక కన్నపిల్లను విడుచునా? గూటిలోని పిల్ల నోరు తెరచినంతనే పెద్దపక్షికి మేత పెట్టవలెనను త్వర పుట్టునట. ఆ పసుపుపచ్చని నోరే దానికి పిలుపు. పక్షులకు వాసన బొత్తిగా తెలియదని కాదు. కొన్ని జాతులకు బాగుగనే తెలియునని ఇప్పటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఐనను మనిషి ముట్టెనని పిల్లను వెలివేయుట మాత్రము లేదు. గ్రుడ్లు పొదుగునపుడు మాటిమాటికి గూడు కదపినచో బెదరి విడిచిపోవుట కలదు గాని అది భయముచేత, వాసనచేత కాదు.

ఆనాటినుండి ఆ యింట ఒక క్రొత్త పద్ధతి మొదలైనది. ఎవరేమి చెప్పినను పెద్దవాడు నోటుపుస్తకమున వ్రాసికొని, చూచి తేల్చవలెననును.

మొదటి పరీక్ష వంటింటి చీమలమీద జరిగెను. బెల్లపు డబ్బానుండి గోడ పగులువరకు చీమల బారు సాగుచుండెను. చక్కెరయూర చీమలకు కొదువయా! కోడలు పిల్లచేత తడివ్రేలితో ఆ బారుకడ్డముగా ఒక్క గీత తుడిపించినది. రెండువైపుల చీమలును అచ్చటనే ఆగిపోయినవి. మీసములు ఆడించుచు ఇటు నటు తిరిగినవి. కొన్ని వచ్చినదారినే మరలినవి. బెల్లము జానెడు దూరములోనే కలదు, అయినను వానికి కనబడలేదు. కొంతసేపటికి సాహసముగల చీమ యొకటి ఆ తడిని దాటెను, దానివెనుక మరియొకటి. కాఫీగిన్నెలు కడుగునప్పటికి బారు మరల కుదిరినది. మేత కనుగొన్న చీమ ఇంటికి పోవునపుడు కడుపుకొన నేలకు తాకించి వాసనచుక్కలు విడుచుచు పోవును; తక్కినవి మీసములతో ఆ వాసన పట్టుకొని నడచును. మనకు కన్ను ఎంతయో చీమకు మీసము అంత.

"అంత చీమకు మెదడు కూడానా!" యని అప్పగారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. ఉన్నదట. దానిలో సుమారు రెండున్నర లక్షల నాడీకణములు కలవట. తేనెటీగకు దాదాపు పదిలక్షలు. మనకు సుమారు 8,600 కోట్లు. మన మెదడు మూడుపౌనులైన తూగదు గాని తిన్న అన్నపు శక్తిలో అయిదవవంతు అదే కాజేయును. ఈ సందర్భమున మా రైలుదారిలోనే యున్న భీమవరమును తలవకుండ నుండలేము. అచ్చట 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేయను వానితో కలిసి, కండరములందు శక్తిని నిలువయుంచు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లో వెల్లడించిరి. ఆ పదార్థమే మెదడులోను కలదు. తణుకు బడిపిల్లలలో ఈ సంగతి ఎందరికి తెలియునో గాని, మా పిల్లవానికి ఆనాటివరకు తెలియదు.

నాలుగవనాడు కాలువగట్టునకు పోయితిమి. నీటిపైకి వంగిన తాడిమట్టలకు గిజిగాని గూళ్లు ముప్పదివరకు వ్రేలాడుచుండెను. మగపక్షి వరియాకు అంచును ముక్కుతో గాటుపెట్టి పట్టుకొని ఎగురును. పొడవైన నార చీలివచ్చును. ఆ నారతోనే అల్లిక. పిల్లలు గట్టుమీద చతికిలబడి గంటన్నర కదలలేదు. బడిలో పావుగంట కుదురుగా కూర్చుండలేని పెద్దవాడే కదలక కూర్చుండుట చూచి మాకు ఆశ్చర్యమైనది.

సలీం ఆలీగారు 1930లో బొంబాయి చేరువనున్న కిహిం గ్రామమున ఈ పక్షులను దినములతరబడి కనిపెట్టి ఒక చిత్రము బయటపెట్టిరి. మగపక్షి గూడు సగమే అల్లి ఆపును. అప్పుడు ఆడపక్షులు వచ్చి, లోపలదూరి, లాగి చూచి, నచ్చినచో ఒకతె కుదురుకొనును. ఆపైననే అతడు పొడవైన గొట్టముతో గూడు పూర్తిచేయును. పూర్తియైనవెనుక ఆలుబిడ్డలను పట్టించుకొనక రెండవ సంసారమునకు రెండవ గూడు మొదలుపెట్టును! మా అప్పగారు ఇది విని, "వాడి నైపుణ్యం మనకెందుకమ్మా" యని మొగము త్రిప్పుకొనిరి.

అన్ని గూళ్లును ఒక్క తీరున లేవని మొదట కనిపెట్టినది పిల్ల. ఒక గూడు వదులుగా, వంకరగా నున్నది. అది అనుభవములేని కుఱ్ఱపక్షిదట. ఆఫ్రికాదేశపు గిజిగాళ్లను పెంచి చూచిన కోలియస్ దంపతులు, చిన్ననాట ఆకులతో ఆడుకొననీయక పెంచిన మగపక్షులు పెద్దయైనవెనుక సరిగా అల్లలేకపోయినవని తెలిపిరి. అల్లవలెనను తహతహ పుట్టుకతో వచ్చును. చేతివాటము ఆటలో వచ్చును. పిల్లలు మట్టిలో, ఆకులలో ఆడినచో చేతులు పాడగునని కసరు తల్లులలో మేమును ఒకరము.

గట్టుక్రింద రాలిపడిన పాతగూడొకటి దొరికినది. గిజిగాడు మిణుగురులను తెచ్చి మట్టితో అంటించి గూటిలో దీపము పెట్టుకొనునని మేము చిన్ననాట విన్న కథ. పెద్దవాడు గూటిని విప్పిచూచెను. ఎండిన మట్టి పెల్లలు నిజముగనే కలవు, మిణుగురు లేదు. పుస్తకమున "మట్టి - నిజం, దీపం - కథ" యని వ్రాసెను.

మేము బయలుదేరుటకు రెండుదినముల ముందు తొర్రనుండి రెండవ గోరువంకపిల్ల పడినది. ఈసారి మేము నోరు మెదపలేదు. తొర్ర మిక్కిలి ఎత్తున నుండుటచే పాలేరు నిచ్చెన వేసి పాకచూరునకు చిన్న వెదురుబుట్టను కట్టెను. పిల్ల అందులో ఎండుగడ్డి పరచి, పక్షిపిల్లను తన రెండు చేతులతో ఎత్తి యుంచినది. అందరము అరుగుమీదకు వచ్చి కూర్చుంటిమి. ఎంతసేపటికిని తల్లిపక్షి రాలేదు. ఇంటికప్పుమీద వ్రాలి అరచినది, ఎగిరిపోయినది, మరల వచ్చినది. పిల్ల తన అరచేతులను మాటిమాటికి చూచుకొనుచుండెను. మాకు గుండె దడదడలాడినది. మా మాటయే నిజమగునేమో యని మేము భయపడితిమి. తుదకు పురుగును ముక్కున కరచుకొని తల్లి బుట్టయంచున వ్రాలినది. లోపలినుండి పసుపుపచ్చని నోరు పైకి లేచినది.

సోదరీమణులు ఒక్క భేదము గమనింపవలెను. ఈకలన్నియు వచ్చి గెంతగల పిల్ల నేలనున్నచో ఎత్తవలసిన పనిలేదు; అది ఎగురుట నేర్చుకొనుచున్నది. పిల్లిని కట్టడి చేసిన చాలును. ఈకలు రాని పిల్లనే గూటికి చేర్చవలెను.

బండి యెక్కునాటి ఉదయమున నోటుపుస్తకము మా చేతికి వచ్చెను. మొదటి పుటలో మొదటి వరుస: "చిన్నమామ్మగారు చెప్పింది - తప్పు." దానిక్రింద పిల్ల వంకరయక్షరములతో "ఆవిడకి తెలీదు పాపం" అని చేర్చినది. కడపటి పుటలో "పాము పాలు తాగుతుంది - చూడాలి" అని యున్నది. పాము మాంసాహారియనియు, పాలు దాని ఆహారము కాదనియు, నాలుక చాచుట వాసన పట్టుటకేయనియు కోడలు చెప్పుచునే యున్నది గాని పెద్దవాడు వినిపించుకొనలేదు. మా అప్పగారు పుస్తకము లాగికొని, ఆ యొక్క వరుసను పెన్సిలుతో తామే కొట్టివేసిరి.